చెమటకు దారిలేని కవచము



వేసవి వచ్చినంతనే ఇంటిమూల ఇసుక పోసి, దానిని తడిపి, దానిమీద కొత్తకుండను నిలుపుట మనకు తరతరముల అలవాటు. ఇత్తడిబిందెలోని నీరు మధ్యాహ్నమునకు వెచ్చనగును. కుండలోని నీరు చల్లగనే యుండును. దీనికి కారణము మీ రెఱుగనిది కాదు. కుండగోడలోని సన్ననిరంధ్రములగుండ నీరు వెలికి చెమర్చి, గాలికి ఆవిరియై పోవుచు, లోపలి వేడిని తనతో తీసికొనిపోవును. అట్టి కుండకు వెలుపల లక్క పూసినయెడల ఏమగును? నీరు చెమర్చదు. చెమర్చని కుండ చల్లబడదు.

మనుష్యదేహమును ఇట్టి కుండయే. ఆరోగ్యవంతుని దేహమునకు సహజమైన వేడి సుమారు 37 డిగ్రీల సెంటీగ్రేడు. మనము నాగలి పట్టినను, బరువు మోసినను, కండరములలో వేడి పుట్టుచునే యుండును. ఆ వేడి వెలికి పోవలెను. గాలి చర్మముకంటె చల్లగ నున్నప్పుడు కొంత వేడి దానంతట అదియే పోవును. మన రోహిణికార్తె యెండలలోవలె గాలియే చర్మముకంటె వేడిగ నున్నప్పుడు చెమట తప్ప వేఱుదారి లేదు. ఒక కిలోగ్రాము చెమట పూర్తిగ ఆవిరియైనచో సుమారు 580 కిలోకేలరీల వేడిని గొనిపోవును. ఆవిరి కాక నేలకు కారిన చెమట మాత్రము ఏమియు గొనిపోదు. ఈ కడపటిమాటను జ్ఞాపకముంచుకొన వేడుచున్నాను. నే నిక చెప్పబోవు చరిత్ర యంతయు దానిచుట్టునే తిరుగును.

లోకములో కొందఱు తమ ప్రాణరక్షణకొఱకే తమ్ముతాము లక్కపూసిన కుండలుగ చేసికొనవలసివచ్చును. యోధుడు కవచము తొడుగును. విషపువాయువులున్న చోటికి పోవువాడు ఒంటినంతటిని కప్పికొనును. అంటురోగమునకు వైద్యముచేయు నర్సు గాలిచొరని తొడుగు ధరించును. వెలుపలి శత్రువును ఆపిన ఆ తొడుగే లోపల మఱియొక శత్రువును పెంచును. ఈ చిక్కును మానవుడు ఎన్ని విధముల నెదుర్కొనెనో చెప్పుటయే నేటి ప్రసంగము.

మొదట ఒక యుద్ధమును చూతము. 1187వ సంవత్సరము జూలై 3వ తేదీన, పాలస్తీనాదేశములో, జెరూసలేము రాజైన గై తన సేనతో సఫూరియా అను నీటివసతిగల తావునుండి తిబెరియ కోటవైపు కదలెను. ఆ కోటను సలాహుద్దీను సుల్తాను ముట్టడించియుండెను. త్రిపోలి ప్రభువైన రేమండు భార్య యే ఆ ముట్టడిలో చిక్కుకొనియుండెను. అయినను, ఈ యెండలో నీరులేని దారి పట్టవలదని రాజునకు హితవు చెప్పినవాడు ఆ రేమండే. రాజు మొదట విని, రాత్రి యితరుల మాటకు లోబడి, తెల్లవారునప్పటికి ప్రయాణమున కాజ్ఞయిచ్చెను. ఆ దొరల ఒంటిమీద ఇనుపగొలుసుల కవచము, దానిక్రింద దళసరిగ కుట్టిన గుడ్డయంగీ, తలమీద లోహపు శిరస్త్రాణము నుండెను. పగలంతయు శత్రువుల బాణములకు నిలుచుచు నడచిరి. ఆ రాత్రి నీటిచుక్క లేక గడపిరి. మఱునాడు శత్రువులు ఎండుగడ్డికి నిప్పుపెట్టగ పొగయు వారిమీదికే వచ్చెను. తిబెరియ సరస్సు కనుచూపుమేరలోనే యుండెను, కాని దానిని చేరలేకపోయిరి. హత్తీను కొండలకడ ఆ సేన నశించెను, రాజు బందీ యయ్యెను. ఆ సంవత్సరము అక్టోబరులో జెరూసలేము నగరమే చేయిజాఱెను. ఆ యోటమికి కారణములు పెక్కు. కాని బాణమును ఆపిన కవచము దప్పికను ఆపలేదనుట అందఱు నొప్పుకొనిన మాట.

కవచములో వేడి యేల పెరుగునో శాస్త్రరీతిగ తెలియుటకు ఇంక దాదాపు 600 సంవత్సరములు పట్టెను. 1774లో లండను నగరమున జార్జి ఫోర్డైసు అను వైద్యుడు కొన్ని గదులను మిక్కిలి వేడిచేయించెను. చార్లెసు బ్లాగ్డెను అను మఱియొక వైద్యుడును, కెప్టెన్ కుక్కుతో సముద్రయాత్ర చేసివచ్చిన జోసెఫు బ్యాంక్సును, ఇంక కొందఱు మిత్రులును ఆ గదులలో ప్రవేశించిరి. గదిలోని పొడిగాలి వేడి కడకు 260 డిగ్రీల ఫారెన్‌హీటు, అనగా 127 డిగ్రీల సెంటీగ్రేడువరకు పోయెను. అదే గదిలో నుంచిన గ్రుడ్డు గట్టిపడెను. మాంసపుముక్క వేగిపోయెను. మనుష్యులు మాత్రము కొన్ని నిమిషములుండి ప్రాణములతో వెలికి వచ్చిరి. వారి దేహపు వేడి పెద్దగ పెరుగలేదు.

వారు చేసిన మఱియొక పరీక్ష మనకు ముఖ్యము. ఆ వేడిగదిలోనే ఒక పాత్రతో నీ రుంచిరి. గాలి అంత వేడిగ నున్నను నీరు మఱుగలేదు. అది ఆవిరియగుచు తన్నుతాను చల్లపఱచుకొనుచుండెను. నీటిమీద కొంచెము నూనె తేలునట్లు చేయగ ఆవిరికి దారి మూసికొనిపోయెను. అంతట నీరు తెర్లి మఱుగసాగెను. గది మాఱలేదు, నిప్పు పెరుగలేదు. పలుచని నూనెపొర యొక్కటే వచ్చి చేరెను. నేటి రక్షణవస్త్రమంతయు ఆ నూనెపొర యని తలచినచో విషయము స్పష్టమగును.

పిమ్మట ఈ విషయమును లెక్కలోనికి తెచ్చిన ఘనుడు స్కాట్లాండుదేశపు శాస్త్రజ్ఞుడు జాన్ స్కాటు హాల్డేను. ఇతని కుమారుడైన జె. బి. ఎస్. హాల్డేను మన దేశపు పౌరుడై, 1964లో భువనేశ్వరమున మరణించెను. అతని కోరికప్రకారము ఆతని దేహమును మన కాకినాడలోని రంగరాయ వైద్యకళాశాల కిచ్చిరి. తండ్రి హాల్డేను కార్న్‌వాలు ప్రాంతపు తగరపుగనులలో దిగి, పనివాండ్ర బాధలను స్వయముగ చూచి, 1905లో తన పరిశోధనలను ప్రకటించెను. అతడు రెండు ఉష్ణమాపకములను వాడెను. ఒకటి వట్టిది, రెండవదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టబడియుండెను. తడిగుడ్డ చుట్టినది మన కుండవలె చల్లబడును. గాలిలో తేమ హెచ్చినకొలది ఆ చల్లదనము తగ్గును. గాలి కదలనిచోట తడిగుడ్డ ఉష్ణమాపకము 88 డిగ్రీల ఫారెన్‌హీటు, అనగా 31 డిగ్రీల సెంటీగ్రేడు దాటినచో, నడుముపైని గుడ్డ లేక ఊరకకూర్చున్నవాని దేహపు వేడియు పైకెక్కుట మొదలిడునని అతడు కనుగొనెను. పనిచేయువానికి ఆ హద్దు ఇంకను తక్కువ. కావున మనిషిని చంపునది వట్టి యెండ కాదు, చెమటను ఆఱనీయని గాలి. కోస్తాలోని ఉక్కపోతను ఎఱిగినవారికి ఇది వింత కాదు.

ఇక రక్షణవస్త్రము లోపల నుండు గాలిని తలపుడు. అది కదలదు. కొన్ని నిమిషములలో చెమటతో నిండి తడిసిపోవును. హాల్డేను భయపడిన గాలినే ఆ మనిషి ఒంటికి చుట్టుకొని తిరుగుచుండును. అమెరికాలో సౌత్ కరొలీనా రాష్ట్రపు పారిస్ ద్వీపమున నౌకాదళపు కాలిబంటులకు శిక్షణయిచ్చు శిబిర మొకటి కలదు. అచట వేసవిలో కొత్తసిపాయిలు వడదెబ్బకు పడిపోవుచుండగ, యాగ్లో, మినార్డు అను శాస్త్రజ్ఞులు 1950 తరువాతి సంవత్సరములలో ఒక కొత్తలెక్కను కట్టి, 1957లో ప్రకటించిరి. తడిగుడ్డ ఉష్ణమాపకమునకు పదింట ఏడుపాళ్ళు, ఎండను పీల్చు నల్లగోళములోని ఉష్ణమాపకమునకు రెండుపాళ్ళు, వట్టి ఉష్ణమాపకమునకు ఒకపాలు చొప్పున కలిపి చూడవలెను. ఆ అంకె ఒక హద్దు దాటినప్పుడు కవాతు తగ్గింపవలెను, మఱియొక హద్దు దాటినప్పుడు ఆపివేయవలెను. ఈ నియమము పాటించిన పిమ్మట అచటి వడదెబ్బలు మిక్కిలి తగ్గిపోయెను.

నేటి వృత్త్యారోగ్యశాస్త్రజ్ఞులు ఈ లెక్కకు ఒక సవరణ చేర్చియున్నారు. ఆవిరిని పోనీయని ఒంటితొడుగు వేసికొన్నవానికి పై అంకెమీద 11 డిగ్రీల సెంటీగ్రేడు కలిపి చూడవలెనని వారి మాట. అనగా నీడన నిలిచి, ఈ దినము ఫరవాలేదని మేస్త్రీ తలచుచున్న వేళ, తొడుగులోని కూలివాడు వేఱొక దేశములో, వేఱొక ఋతువులో నున్నాడు. ఇద్దఱును ఒకచోటనే నిలిచియుందురు. ఎండ మాత్రము ఒక్కటి కాదు.

పని ఆపుటకు వీలులేనప్పుడు ఏమి చేయవలెను? ఈ ప్రశ్న విమానములవారికి ఎదురయ్యెను. వేడెక్కిన గదిలో, దళసరి దుస్తులలో కూర్చున్న విమానచోదకుని చల్లపఱచుటకు ఆంగ్లదేశమున ఫార్న్‌బరోలోని రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఎస్టాబ్లిష్‌మెంటువారు 1960 ప్రాంతమున ఒక ఉపాయము పన్నిరి. ఒంటి నంటియుండు లోదుస్తులో సన్ననిగొట్టములను కుట్టి, వానిలో చల్లనినీటిని పాఱించిరి. చేనికి బోదెలు తీసి నీరు పెట్టినట్లే దేహమంతటను నీరు పాఱి, వేడిని గ్రహించి, మరల చల్లబడి వచ్చును. ఇందు చెమటకు పని తక్కువ. చర్మమునుండియే వేడి నీటిలోనికి పోవును.

దీని విలువ 1966లో లోకమునకు తెలిసెను. ఆ సంవత్సరము జూన్ 5వ తేదీన యూజీను సెర్నను అను అమెరికాదేశపు వ్యోమగామి జెమిని నౌక వెలుపలికి వచ్చి, రెండుగంటలకు పైగ అంతరిక్షమున శ్రమించెను. అతని దుస్తు వాయువుతో చల్లపఱుపబడునది. పట్టు దొరకని ఆ శూన్యములో చేసిన శ్రమకు ఆ చల్లదనము చాలలేదు. నాడి నిమిషమునకు 180వఱకు పోయెను. లోపలి ఆవిరి శిరస్త్రాణపు అద్దమునకు పట్టి చూపు మూసికొనిపోయెను. పని సగములో విడిచి, కనబడని కన్నులతో తడుముకొనుచు నౌకలోనికి మరలవలసివచ్చెను. చంద్రునిమీదికి పోవువారికి నీటిగొట్టముల లోదుస్తే అమర్పబడెను. 1972 డిసెంబరులో అదే సెర్నను చంద్రునిపై మూడుసార్లు వెలికి వచ్చి, ఒక్కొక్కసారి ఏడుగంటలకు మించి పనిచేసి క్షేమముగ మరలెను. మనిషి యొక్కడే, దుస్తు మాఱెను.

ఆ లోదుస్తులోని నీరు తిరిగి చల్లబడుట యెట్లు? ఇది మనవారు విని సంతోషింపదగిన మాట. వీపుమీది పెట్టెలో సన్ననిరంధ్రములుగల నికెలు పలక యొకటి యుండెను. దానిగుండ కొద్దికొద్దిగ నీరు వెలుపలి శూన్యమునకు చెమర్చి, అచట మంచుగ గడ్డకట్టి, ఆ మంచే ఆవిరియై పోవుచు వేడిని గొనిపోవుచుండెను. మన యింటిమూలనున్న కుండ చేయుపనియు ఇదియే. మన్ను నికెలుగ మాఱినది, అంతియే.

చంద్రునిమీదికి పోవువారికి ధనము పుష్కలముగ నుండును. భూమిలోతున త్రవ్వువారి సంగతి వేఱు. దక్షిణాఫ్రికాలోని బంగారుగనులలో 1924 మొదలు వడదెబ్బ చావులు వైద్యుల దృష్టికి వచ్చెను. అచటివారు మొదట నేర్చిన పాఠము ఖర్చులేనిది. కొత్తగ వచ్చినవానికి మొదటిదినమే నిండుపని యిచ్చినచో దేహము తాళదు. దినదినము కొంచెము పెంచుచు పోయినయెడల ఒకటి రెండు వారములలో దేహమే వేడికి అలవాటుపడి, ముందుగ, ఎక్కువగ చెమర్చుట నేర్చుకొనును. 1970 తరువాత అచటి గనులలో మంచుగడ్డల చొక్కాలను పరీక్షించిరి. చొక్కా సంచులలో నీరుపోసి గడ్డకట్టించి తొడుగుదురు.

మంచు మేలైనదే, కాని దాని లెక్కయు తెలియవలెను. ఒక కిలోగ్రాము మంచు కరగుటకు 80 కిలోకేలరీల వేడి చాలును. అదే తూకపు చెమట ఆవిరియైనచో 580 గొనిపోవునని ముందే చెప్పితిని. అనగా చెమట చేయుపనిలో మంచు ఏడవవంతే చేయును. గట్టిగ శ్రమించువాని దేహమున గంటకు 300 కిలోకేలరీల వేడి పుట్టినచో, దాని నంతటిని కరగుటచేతనే మ్రింగుటకు దాదాపు నాలుగు కిలోల మంచు కావలెను. అంత బరువు మోయుటయు శ్రమయే. అందుచేత మంచుచొక్కా కొంతకాలమును సంపాదించిపెట్టును గాని హద్దులేని కాలము నీయదు. సుమారు 28 డిగ్రీలకడ కరగు మైనమువంటి పదార్థములను సంచులలో నింపిన చొక్కాలును నేడు కలవు. అవి చర్మమును గడ్డకట్టింపవు, మంచుకంటె మెల్లగ పనిచేయును. జపానులో 2004 మొదలు చిన్నవిసనకఱ్ఱయంత్రములు కుట్టిన చొక్కాలు అమ్ముచున్నారు. అవి చెమట నాఱ్పును. విషమో, క్రిమియో గాలిలో నున్నచోట మాత్రము ఆ గాలిని లోనికి పిలువరాదు.

ఇక మన కాలపు మాట. 2014లో పశ్చిమాఫ్రికాలోని గినీ, లైబీరియా, సియెర్రా లియోన్ దేశములలో ఎబోలా జ్వరము ప్రబలినప్పుడు, తలనుండి కాలివఱకు కప్పు తొడుగులలో వైద్యులు సుమారు ఒక గంటకంటె ఎక్కువకాలము నిలువలేకపోయిరి. అచట కొన్ని చికిత్సాకేంద్రములలో గడియారము పట్టుకొని, వేళ మించకుండ జతలుజతలుగ లోనికి పంపి, వెలికి రప్పించుచుండిరి. యంత్రమేమియు లేదు. కాలనియమమే వారి చల్లని చొక్కా.

2020లో కరోనా వ్యాధి మన ఆసుపత్రులకు వచ్చెను. తెలుగుదేశమున ఏప్రిలు, మే నెలల యెండలెట్టివో మీకు చెప్పనక్కఱలేదు. 2015 వేసవిలో ఒక్క ఆంధ్రప్రదేశముననే వేయిమందికి మించి వడదెబ్బకు మరణించిరి. అట్టి యెండలలో మన నర్సులు, వైద్యులు, ఊడ్చువారు, శవములను మోయువారు పి.పి.ఇ. కిట్టులను గాలిచొరని తొడుగులను ధరించి గంటలతరబడి నిలిచిరి. గాలినుండి వ్యాధి వ్యాపించునను భయముచేత చల్లనిగాలి యంత్రములను మునుపటివలె వాడుటకు పెక్కుచోట్ల వీలులేకపోయెను. తొడుగు విప్పినచో మరల వేసికొనరాదు, పాఱవేయవలసినదే. అందుచేత మూత్రమునకు పోవలసివచ్చునని వెఱచి, పనికి ముందు నీరు త్రాగుట మానుకొన్న స్త్రీలెందఱో కలరు. చెమటకు దారి మూయబడెను. చెమటకు కావలసిన నీరును తామే మానుకొనిరి. ఇతరుల ప్రాణములకొఱకు వారు పడిన ఈ బాధ మన కంటికి కనబడలేదు, ఏలయన అది తొడుగులోపల జరిగినది.

ఇది ఆసుపత్రులవారి సంగతి, మన పల్లెల కేమి సంబంధమని అనుకొందురేమో. 2017లో మహారాష్ట్రములోని యవత్మాల్ జిల్లాలో పత్తిచేలకు పురుగుమందు చల్లుచు ఇరువదిమంది దాక విషము సోకి మరణించిరి. మన గుంటూరు, వరంగల్లు ప్రాంతములలోను పత్తి పండును, మందు చల్లబడును. మందుడబ్బామీద చేతితొడుగులు, ముఖమునకు కప్పు, ఒంటికి నిండుబట్ట ధరింపుమని వ్రాసియుండును. మన కూలివాడు లుంగీ ఎగగట్టి, బనీనుతో పోవును. అజ్ఞానమని మనము నిందింతుము. అతనిని అడిగినయెడల, ఆ తొడుగులో ఈ యెండకు గడియసేపు నిలువలేనని చెప్పును. ఆ మాట నిజము. హత్తీనుకడ దొరలకు తెలిసినదే అతనికిని తెలిసినది. విషము రేపు చంపవచ్చును, వేడి ఇప్పుడే పడగొట్టును. రెంటిలో దగ్గఱిదానికి అతడు భయపడినాడు. కావున తొడుగు కొనియిచ్చినంతమాత్రమున మన విధి తీఱదు. తొడుగుకొనుటకు వీలైన వేళను కూడ మనమే యీయవలెను.

అది కష్టము కాదు. మందు చల్లుట తెల్లవాఱుజామున మొదలిడి ఎండ ముదురకముందే ముగింపవచ్చును. ఒకడు చల్లుచుండగ మఱియొకడు నీడన తొడుగు విప్పి, చేతులు ముఖము సబ్బుతో కడిగికొని, నీరో మజ్జిగయో త్రాగి, వంతు మార్చుకొనవచ్చును. కొత్తవానికి మొదటిదినము సగముపనియే చాలును. ఒంటరిగ ఎవనిని పంపరాదు. మాట తడబడినను, నడక తూలినను, పిలిచినచో తిక్కతిక్కగ బదులు చెప్పినను, అది వడదెబ్బ యని తలపవలెను. చెమట పట్టుచున్నది గదా యని ధైర్యపడరాదు. వెంటనే నీడకు చేర్చి, తొడుగు విప్పి, ఒంటినిండ చల్లనినీరు పోయుచు, విసరుచు, ఆసుపత్రికి కబురంపవలెను. స్పృహ తప్పినవాని నోట నీరు పోయరాదు. చల్లపఱచుట మొదటిపని, తరలించుట రెండవది. మందు చల్లుచు పడిపోయినవానికి అది వడదెబ్బయో, విషమో, రెండునో మనకు తెలియదు గనుక, మందుడబ్బాను కూడ వైద్యునికడకు తీసికొనిపోవలెను.

దాదాపు ఎనిమిదివందల నలువది సంవత్సరముల ఈ చరిత్రను తిరిగిచూచినచో ఒక సంగతి తేటపడుచున్నది. నీటిగొట్టములు, మంచుచొక్కాలు, మైనపుసంచులు ఇవి యన్నియు గొప్పవే. కాని ఎక్కువమందిని కాపాడినవి నీడ, నీరు, వంతు, వేళ అను నాలుగే. ఇవి ధరించువాని చేతిలో లేవు. ధరింపుమని చెప్పువాని చేతిలో నున్నవి. నాడు రేమండు చెప్పిన హితవును రాజు విడిచెను, ఫలము సేన యనుభవించెను. కవచము తొడిగించువాడు దానిలోని వేడికిని బాధ్యుడే.

గ్రామములో మీ మాట నడచును. ఈ వేసవిలో మీ చేనికి ఎవడైన తొడుగు ధరించి వచ్చినయెడల, గట్టున చెట్టునీడన ఒక కొత్తకుండను నిలిపి, అతనికి వేళకు విశ్రాంతి నిప్పించుడు. ఆ కుండ చల్లబడు విధముననే ఆ మనిషియు చల్లబడవలెనని మఱవకుడు.